లక్కీ బ్యాంబూ పెంపకం: ముందు కాడ, తర్వాత వేరు, ఆకు ఆఖరున

లక్కీ బ్యాంబూ ఉన్న ఇంట్లో ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ప్రశ్న: "ఆకుల కొనలు మాడుతున్నాయి, ఏం వెయ్యాలి?" ఏమీ వెయ్యొద్దు. ముందు కాడను వేళ్లతో నొక్కండి. తర్వాత వేర్లు బయటికి తీసి చూడండి. ఆ తర్వాత నీళ్లు ఎక్కడివో, ఎన్నాళ్లవో గుర్తు చేసుకోండి. ఆకు సంగతి ఆఖరున. ఆకు మీద ఇవాళ కనబడే మచ్చ కొన్ని వారాల కిందట నీళ్లలోనో, వేరులోనో మొదలై ఉంటుంది. ఆకును చూసి వైద్యం మొదలుపెడితే ఎరువు పోస్తారు, ఎండలో పెడతారు. బతకాల్సిన మొక్క ఆ రెండింటితోనే పోతుంది.

పేరులో బ్యాంబూ ఉన్నా ఇది వెదురు కాదు, డ్రసీనా అనే వేరే రకం మొక్క. ఆఫ్రికా అడవుల్లో పెద్ద చెట్ల నీడన పెరిగే జాతి. అందుకే దీనికి నేరుగా ఎండ పడదు. డ్రసీనాలకు నీళ్లలో కరిగి ఉండే ఫ్లోరైడ్ కూడా పడదు. మిగతా జాగ్రత్తలు చాలావరకు ఈ రెండింటి చుట్టూ తిరుగుతాయి.

## 1. కొనేటప్పుడు చూడాల్సినవి

దుకాణంలో కళ్లు ముందు ఆకుల మీదికే వెళ్తాయి. మీరు అడుగు నుంచి మొదలుపెట్టండి.

- ప్రతి కాడనూ అడుగున, మధ్యలో బొటనవేలితో నొక్కండి. చెరకుగడలా గట్టిగా ఉండాలి. ఎక్కడైనా మెత్తగా లోపలికి పోతే ఆ కట్ట వద్దు.
- కాడ మీద పసుపు పట్టీ, ముడతలు, గోధుమరంగు గుంట మచ్చలు ఉండకూడదు. ఒక కాడలో మొదలైన పసుపు ఆగదు.
- నీళ్లు వాసన చూడండి. కుళ్లిన వాసన వస్తే వేరు పోతున్నట్టే.
- వేర్లు నారింజ, ఎరుపు రంగుల్లో ఉంటే మంచిదే. జబ్బనుకుని కత్తిరించేవాళ్లు చాలామంది ఉన్నారు. ఈ మొక్క వేరు రంగే అది. నల్లగా, బూడిదరంగుగా, పట్టుకుంటే తోలు ఊడి వచ్చేలా ఉంటేనే చెడ్డది.
- పైన కోసిన చోట మైనం పూత చెక్కుచెదరకుండా ఉండాలి. అది ఊడితే కాడ అక్కడినుంచి ఎండుతూ కిందికి వస్తుంది.

రెండు మూడు అంతస్తుల గోపురాల్లా కట్టినవి చూడ్డానికి బాగుంటాయి. కానీ మొదటిసారి పెంచేవాళ్లు వాటి జోలికి పోకపోవడమే మేలు. మధ్యలో ఇరుక్కున్న కాడలకు గాలి ఆడదు. అక్కడ ఒకటి కుళ్లినా బయటికి కనబడదు. తెలిసేసరికి పక్కవి నాలుగు అంటుకుని ఉంటాయి. మూడు నుంచి ఐదు విడి కాడలు చాలు. ఎన్ని కాడలుంటే ఏ ఫలం అన్న లెక్క మీ ఇష్టం, మొక్కకు మాత్రం దానితో పనిలేదు.

మెలికలు తిరిగిన కాడ కొంటే ఒకటి తెలిసి కొనండి. మొక్కను పడుకోబెట్టి, వెలుతురు ఒకవైపు నుంచే తగిలేలా నెలల తరబడి తిప్పుతూ తెప్పించిన వంపు అది. మీ ఇంట్లో వచ్చే కొత్త చిగురు మెలిక తిరగదు, నిటారుగా పోతుంది.

## 2. ఇంటికి తెచ్చిన రోజు

ఆ రోజే గంటసేపు కేటాయించండి. దుకాణంలో ఉన్న నీళ్లలోనే వదిలేసి "తీరికగా చూద్దాం" అనుకుంటే అక్కడి పాకుడు, దోమగుడ్లు కూడా మీ ఇంట్లోనే కాపురం పెడతాయి.

కావలసినవి: మొక్క ఎత్తులో మూడో వంతైనా లోతుండే బరువైన పాత్ర, నున్నటి గులకరాళ్లు, పదునైన కత్తెర లేదా బ్లేడు, స్పిరిట్‌లో తడిపిన దూది, పాత టూత్‌బ్రష్, సిద్ధం చేసిన నీళ్లు (నీళ్ల సంగతి మూడో భాగంలో).

1. రిబ్బన్లు, బంగారు రంగు తీగలు విప్పండి. తీగ కాడలోకి నొక్కుకున్న గుర్తు కనిపిస్తే దాన్ని మళ్లీ కట్టొద్దు. కట్టాల్సి వస్తే చిటికెనవేలు దూరేంత వదులుగా మెత్తటి దారంతో కట్టండి.
2. పాత నీళ్లు పారబోయండి. రంగురంగుల జెల్లీ పూసలు ఉంటే అవీ తీసేయండి. అవి నీటిని పట్టి ఉంచుతాయి తప్ప ఆ నీళ్లను మార్చడం కుదరదు. పైగా పసిపిల్లలు మింగితే కడుపులో ఉబ్బి ప్రాణం మీదికి వస్తుంది.
3. వేర్లను పారే నీటి కింద మెల్లగా కడగండి. నల్లబడిన, మెత్తబడిన వేర్లను మాత్రమే కత్తిరించండి. ప్రతి కోతకూ ముందు బ్లేడును స్పిరిట్‌తో తుడవాలి.
4. పాత్రను, రాళ్లను బ్రష్‌తో రుద్దండి. పాత పాత్రయితే ఒక వంతు బ్లీచ్‌కు తొమ్మిది వంతుల నీళ్లు కలిపి 10 నిమిషాలు ఉంచి, వాసన పోయేదాకా కడగండి.
5. రెండు వేళ్ల ఎత్తు రాళ్లు పరిచి, కాడలు నిలబెట్టి, చుట్టూ మిగతా రాళ్లు సర్దండి. రాళ్లను గుచ్చి నొక్కితే వేర్లు తెగుతాయి.
6. వేర్లు మునిగి, కాడ అడుగు 3 నుంచి 5 సెంటీమీటర్లు మునిగేదాకా నీళ్లు పోయండి. అంతకు మించొద్దు. సగం కాడ మునిగేలా పోస్తే మునిగినంత మేరా పాకుడు పట్టి కుళ్లుతుంది.

రాళ్ల గురించి ఒక చిన్న పరీక్ష. తెల్లటి రాయి మీద రెండు చుక్కలు వెనిగర్ వేయండి. నురగ వస్తే అది సున్నపురాయో, చలువరాయో. అది నెమ్మదిగా కరిగి నీళ్ల గట్టిదనం (సున్నపు లవణాలు) పెంచుతుంది. రంగు పూసిన రాళ్లూ వద్దు, కొన్నాళ్లకు రంగు నీళ్లలోకి దిగుతుంది. ఏటి గులకరాళ్లు మేలు.

తెచ్చిన తర్వాత రెండు వారాలు ఒకేచోట ఉంచండి. ఈలోగా అడుగు ఆకులు ఒకటో రెండో పసుపెక్కి రాలినా కంగారు వద్దు. చోటు మారిన మొక్క చేసే పనే అది.

## 3. ఏ నీళ్లు పోయాలి

ఈ మొక్క పెంపకంలో ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సిన భాగం ఇదే. ఎక్కువ మొక్కలు పోయేదీ ఇక్కడే.

నల్లా నీళ్లు. మున్సిపల్ నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. వెడల్పాటి బకెట్‌లో పట్టి, మూత పెట్టకుండా 24 గంటలు వదిలేస్తే అది చాలావరకు గాలిలో కలిసిపోతుంది. తెలుగు రాష్ట్రాల్లో నది నీళ్లు వచ్చే ఊళ్లలో ఇలా నిలవబెట్టిన నీళ్లు సాధారణంగా సరిపోతాయి.

బోరు నీళ్లు. ఇక్కడ జాగ్రత్త. నల్లగొండ ప్రాంతంలోనూ, పాత ప్రకాశం జిల్లా పశ్చిమాన కనిగిరి చుట్టుపక్కలా భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ ఎంత ఎక్కువో చెప్పనక్కర్లేదు. నిలవబెడితే క్లోరిన్ పోతుంది గాని ఫ్లోరైడ్ పోదు. మరిగిస్తే అసలే పోదు. నీరు ఆవిరై ఫ్లోరైడ్ మిగిలి ఇంకా చిక్కనవుతుంది. తాగునీటికి భారత ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము ఫ్లోరైడ్, వేరే దారి లేనిచోట 1.5 వరకు. అది మనిషి కోసం పెట్టిన గీత. ఆ గీత లోపలున్న నీళ్లకు కూడా డ్రసీనా ఆకు కొన కాలవచ్చు. "మేము తాగే నీళ్లే పోస్తున్నాం, అయినా మాడుతోంది" అనేవాళ్లకు ఇదే సమాధానం.

అపార్ట్‌మెంట్ నీళ్లు. సంపులో నల్లా నీళ్లు, బోరు నీళ్లు, ట్యాంకర్ నీళ్లు అన్నీ కలుస్తాయి. అందుకే ఒక నెల బాగున్న మొక్క వేసవిలో ట్యాంకర్లు మొదలవగానే మాడుతుంది. ఇంకో చిక్కు సాఫ్ట్‌నర్. నీటి గట్టిదనం పోగొట్టేటప్పుడు అది కాల్షియం స్థానంలో సోడియం వదులుతుంది. బట్టలకు మంచిది, ఈ మొక్కకు విషం. సాఫ్ట్‌నర్ ఉన్న భవనంలో బాత్రూమ్ కుళాయి నీళ్లు పోయొద్దు.

ఆర్‌ఓ నీళ్లు. ఫ్లోరైడ్, ఉప్పు రెండూ చాలావరకు పోతాయి కాబట్టి బోరు మీద ఆధారపడేవాళ్లకు ఇదే సులువైన దారి. ఒక మొక్కకు వారానికి అర లీటరు నుంచి లీటరు పడుతుంది, అంతే. మిషన్ నుంచి పక్క గొట్టంలో వదిలేసే నీళ్లు మాత్రం వద్దు. వడకట్టిన ఉప్పంతా వాటిలోనే ఉంటుంది. నీళ్లు వృథా కాకూడదని పట్టి మొక్కలకు పోసేవాళ్లున్నారు. ఆ ఆలోచన మంచిదే గాని వాటిని గచ్చు కడగడానికి వాడుకోండి.

వాన నీళ్లు, ఏసీ నీళ్లు. శుభ్రమైన డాబా మీద, మొదటి వాన వదిలేసి తర్వాతి వానలకు పట్టిన నీళ్లు చాలా మంచివి. ఏసీ గొట్టం నుంచి కారే నీళ్లలో లవణాలు దాదాపు ఉండవు. దుమ్ము ఉంటుంది, పలుచటి గుడ్డలో వడగట్టి వాడండి.

అమెరికాలో ఉన్నవాళ్లకు ఒక మాట. అక్కడ చాలా ఊళ్లలో క్లోరిన్ బదులు క్లోరమైన్ వాడతారు, అది 24 గంటలు నిలవబెట్టినా పోదు. దంతాల కోసం లీటరుకు 0.7 మిల్లీగ్రాముల దాకా ఫ్లోరైడ్ కలిపే ఊళ్లూ ఎక్కువే. అక్కడ డిస్టిల్డ్ వాటర్ క్యాన్ కొనుక్కోవడమే తేలిక.

ఏ నీళ్లయినా గది వేడిలో ఉండాలి. ఫ్రిజ్ నీళ్లు గాని, మే నెల మధ్యాహ్నం ట్యాంకు నుంచి వచ్చే మరుగు నీళ్లు గాని పోయకండి.

## 4. వారానికోసారి చేసే పని

ఆరి తగ్గిన నీళ్ల మీద కొత్త నీళ్లు పోసి నింపడం నీళ్లు మార్చడం కాదు. ఆరేది నీరు మాత్రమే, లవణాలు అడుగున మిగిలిపోతాయి. అలా రెండు నెలలు నింపుతూ పోతే మంచి నీళ్లు కూడా ఉప్పునీళ్లవుతాయి. రాళ్ల మీద తెల్లటి పెచ్చు కనిపిస్తే జరుగుతున్నది ఇదే.

ఏడు రోజులకోసారి, ఏప్రిల్, మే నెలల్లో నాలుగైదు రోజులకోసారి:

- నీళ్లన్నీ వంచేయండి
- పాత్ర లోపలి గోడను, ముఖ్యంగా నీటి గీత ఉండే చోటును, బ్రష్‌తో రుద్దండి
- రాళ్లను రెండుసార్లు జాడించండి
- వేర్లు చూడండి, కాడ అడుగు నొక్కండి, వాసన చూడండి
- కొత్త నీళ్లు పోసి, పాత్రను పావు వంతు తిప్పి పెట్టండి

గోడ రుద్దమని చెప్పడానికి కారణం దోమ. డెంగీ మోసే ఏడిస్ దోమకు మురుగుతో పనిలేదు, ఇంట్లో నిలవున్న తేట నీరే ఇష్టం. అది గుడ్లను నీటి గీతకు కాస్త పైన గోడకు అంటిస్తుంది. ఆ గుడ్లు నెలల తరబడి ఎండిపోయి ఉండి కూడా, మళ్లీ నీళ్లు తగలగానే పొదుగుతాయి. కాబట్టి నీళ్లు పారబోసినంత మాత్రాన గుడ్లు పోవు. వేసవి వేడిలో గుడ్డు నుంచి రెక్కల దోమ దాకా ఏడు నుంచి పది రోజులే. అందుకే వారం దాటకూడదు. మన దగ్గర ఆరోగ్య శాఖ శుక్రవారం డ్రైడే అని చెప్పేది ఈ లెక్క మీదే. ఈ మొక్కను కూడా ఆ రోజుకే కలిపేయండి.

ఇదేదో భయపెట్టడానికి చెప్పడం లేదు. 2001లో చైనా నుంచి కాలిఫోర్నియాకు నీళ్లలో నిలబెట్టి ఓడల్లో పంపిన లక్కీ బ్యాంబూతో పాటే ఏషియన్ టైగర్ దోమ అక్కడ దిగింది.

వంచిన నీళ్లలో తోకపురుగులు (దోమ పిల్లలు) కదులుతుంటే కాలువలో పోయకండి. ఎండిన మట్టి మీద పోస్తే అక్కడే చస్తాయి.

నీళ్లు ఆకుపచ్చబడితే అది నాచు. గాజు పాత్రకు వెలుతురు తగలడమే కారణం. మొక్కకు పెద్ద ముప్పు లేదు గాని గోడలకూ వేర్లకూ పాకుడు పడుతుంది. పాత్ర చుట్టూ మందపాటి కాగితం చుట్టండి, లేదా పింగాణీ పాత్రకు మారండి.

## 5. ఎక్కడ పెట్టాలి

కిటికీ పక్కన కాదు, కిటికీ వెలుతురు అందే చోట. తూర్పు కిటికీకి మూడు నాలుగు అడుగుల లోపల, ఉత్తరం కిటికీ దగ్గరైతే ఇంకాస్త దగ్గరగా. పడమటి, దక్షిణం కిటికీలైతే మధ్యలో పలుచటి తెర ఉండాలి.

కొలిచే పద్ధతి సులువు. మధ్యాహ్నం పూట మొక్కకు ఒక అడుగు ఎత్తున అరచెయ్యి చాపండి. నీడ అంచులు మసగ్గా కనిపిస్తే వెలుగు సరిపోయింది. నీడ గీత గీసినట్టు పడితే ఎండ ఎక్కువ. అసలు నీడే పడకపోతే చీకటి.

వెలుగు తక్కువైతే చిగుర్లు పొడుగ్గా, సన్నగా సాగుతాయి, ఆకుకూ ఆకుకూ మధ్య దూరం పెరుగుతుంది, రంగు వెలుస్తుంది. దాన్ని చూసి ఒక్కసారిగా బాల్కనీలో పెట్టకండి. కడియం నర్సరీల్లోనైనా ఇలాంటి నీడ మొక్కలు షేడ్‌నెట్ కిందే పెరుగుతాయి. మన ఎండకు వాటి ఆకు ఒక్క మధ్యాహ్నంలోనే తెల్లగా కాలిపోతుంది. వారానికో అడుగు చొప్పున వెలుగు వైపు జరపండి.

వేడి 18 నుంచి 32 డిగ్రీల మధ్య ఉంటే హాయి. 38 దాటితే గాలి వేడి కన్నా నీటి వేడి ప్రమాదం. నీరు వేడెక్కేకొద్దీ అందులో నిలిచే ఆక్సిజన్ తగ్గుతుంది, వేరుకు ఊపిరాడదు, కుళ్లు మొదలవుతుంది. మొక్కను ఇంట్లో చల్లగా ఉండే గదిలోకి, నేల మీదికి దించండి. పాత్ర పెద్దదైతే నీరు ఆలస్యంగా వేడెక్కుతుంది.

ఏసీ గాలి, చలి దేశాల్లో హీటర్ గాలి సూటిగా తగలకూడదు. 10 డిగ్రీల కంటే చల్లబడే కిటికీ గాజుకు ఆకు ఆనితే నీళ్లు ఊరినట్టు నల్లబడుతుంది. టీవీ వెనక, ఫ్రిజ్ పైన పెట్టడం కూడా వద్దు, అడుగునుంచి వేడి వస్తుంది.

## 6. ఎరువు

ఎంత తక్కువైతే అంత మంచిది. కొన్న మొదటి రెండు నెలలు అసలు వద్దు. జబ్బుపడ్డ మొక్కకు ఎప్పుడూ వద్దు.

ఎరువుల దుకాణంలో దొరికే, నీళ్లలో కరిగే 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉన్న ఎరువు) చాలు. లీటరు నీళ్లలో ఒక గ్రాము కలపండి, సుమారు పావు టీస్పూను. అందులోంచి 100 మిల్లీలీటర్లు తీసి 900 మిల్లీలీటర్ల మామూలు నీళ్లలో పోయండి. ఈ రెండో నీళ్లే మొక్కకు, రెండు నెలలకోసారి. వారం తర్వాత ఎప్పటిలా మార్చేయండి. మిగిలిన చిక్కటి నీళ్లు పెరట్లో ఆకుకూరలకు పోయొచ్చు.

బియ్యం కడుగు, పాలు, టీ పొడి, పంచదార, అరటి తొక్క నీళ్లు వద్దు. మట్టిలో ఉన్న మొక్కకు బియ్యం కడుగు పోస్తే మట్టిలోని సూక్ష్మజీవులు చూసుకుంటాయి. గాజు గిన్నెలో నిలవున్న నీళ్లలో పోస్తే పులిసి, మర్నాటికి వాసన కొడుతుంది.

## 7. కత్తిరించడం, కొత్త మొక్క చేసుకోవడం

లావు కాడ పైభాగం కోసేసి ఉంటుంది కాబట్టి అది ఇక ఎత్తు పెరగదు. పెరిగేది కణుపుల దగ్గర వచ్చే పిలకలే. పిలకలు ఒక అడుగు పొడవు దాటితే బరువుకు కాడ ఒరుగుతుంది, అప్పుడు కత్తిరించాలి.

పిలకను లావు కాడకు 2 నుంచి 3 సెంటీమీటర్లు వదిలి, కణుపుకు కాస్త పైన కోయండి. కొద్ది వారాల్లో ఆ మొండెం నుంచి కొత్త చిగురు వస్తుంది. పొడవైన పిలకలు మాత్రమే తగ్గించండి. అన్నిటినీ ఒకేసారి కోసి మోడు చేస్తే కోలుకోవడానికి నెలలు పడుతుంది.

కోసిన పిలకను పారేయకండి. దాని అడుగున 8 సెంటీమీటర్ల మేర ఆకులు తీసేసి, కనీసం ఒక కణుపు మునిగేలా 5 సెంటీమీటర్ల నీళ్లలో నిలబెట్టండి. మూడు నాలుగు రోజులకోసారి నీళ్లు మార్చండి. మూడు నుంచి ఆరు వారాల్లో ఎర్రటి వేర్లు కనిపిస్తాయి. డిసెంబరు, జనవరిలో ఇంకాస్త ఆలస్యం.

## 8. పసుపెక్కిన కాడను కాపాడటం

ఆకు పసుపెక్కితే వైద్యం ఉంది. కాడ పసుపెక్కితే ఆ పసుపైన భాగానికి వైద్యం లేదు, మళ్లీ పచ్చబడదు. చేయగలిగింది పచ్చగా ఉన్న భాగాన్ని విడదీయడమే. అది కూడా వెంటనే.

1. ఆ కాడను కట్టలోంచి తీసేయండి. మిగతా వాటి నీళ్లు, పాత్ర, రాళ్లు శుభ్రం చేయండి.
2. పసుపు ఎక్కడుందో చూడండి. అడుగున ఉంటే పైభాగం దక్కుతుంది. పైన ఉంటే కింది భాగం దక్కుతుంది. మధ్యలో ఉంటే అటొకటి, ఇటొకటి. పొడుగునా ఉంటే చెత్తబుట్టకే.
3. పసుపు ఆగిన చోటు నుంచి 3 సెంటీమీటర్లు పచ్చ భాగంలోకి వచ్చి కోయండి.
4. కోసిన ముఖం చూడండి. గట్టిగా, తెలుపు కలిసిన లేత ఆకుపచ్చగా ఉండాలి. గోధుమరంగు చుక్కగాని, వలయంగాని ఉంటే ఇంకో 2 సెంటీమీటర్లు కోయండి. శుభ్రమైన ముఖం వచ్చేదాకా ఇంతే. ప్రతిసారీ బ్లేడు తుడవాలి.
5. ఏది పైభాగమో స్కెచ్ పెన్నుతో గుర్తు పెట్టండి. తలకిందులుగా నిలబెడితే వేరు పట్టదు.
6. పైకి ఉండే కోతకు మైనం పూయండి. కొవ్వొత్తి కరిగించి, చెయ్యి ఓర్చుకునేంత చల్లారాక ముంచండి. మరుగుతున్న మైనంలో ముంచితే ఆ చివర ఉడికిపోతుంది.
7. అడుగు కోతను గంటసేపు ఆరనిచ్చి, 5 సెంటీమీటర్ల శుభ్రమైన నీళ్లలో విడిగా పెట్టండి. రెండు రోజులకోసారి నీళ్లు మార్చండి. వేర్లు వచ్చేదాకా మిగతా కాడలతో కలపొద్దు.

## 9. ఆకును చూసి చెప్పేవి

కాడ గట్టిగా ఉంది, వేర్లు బాగున్నాయి, నీళ్లు తాజావి. అప్పుడిక ఆకు వంక చూడండి.

కొన గోధుమరంగు, దాని కింద సన్నటి పసుపు అంచు: ఫ్లోరైడ్ గాని, ఉప్పు గాని. నీళ్లు మార్చండి. మాడిన కొన మళ్లీ పచ్చబడదు. కొత్తగా వచ్చే ఆకులు బాగుంటే మీరు గెలిచినట్టే. మాడిన భాగాన్ని ఆకు ఆకారంలోనే ఏటవాలుగా కత్తిరించండి. వెంట్రుకవాసి గోధుమ అంచు వదలండి, పచ్చ భాగంలోకి కోస్తే అక్కడ మళ్లీ మాడుతుంది.

కొన మాడింది, పసుపు అంచు లేదు, ఆకు కరకరలాడుతోంది: పొడి గాలి. ఏసీ ఎదురుగా ఉందేమో చూడండి. రోజూ నీళ్లు చల్లడం కంటే చోటు మార్చడం మేలు.

అడుగు ఆకులు ఒక్కొక్కటే పసుపెక్కి రాలడం: వయసు. లాగి తీసేయండి.

పై చిగురు ఆకులు పసుపెక్కడం: ఎరువు ఎక్కువైంది, లేదా ఎండ ఎక్కువైంది. ఈమధ్య ఎరువు పోసి ఉంటే నీళ్లు మార్చి, వేర్లు కడిగి, ఆరు నెలలు ఎరువు ముట్టకండి.

ఆకు మధ్యలో తెల్లటి, గడ్డిరంగు మచ్చలు: ఎండదెబ్బ.

ఆకు తెల్లటి దూదిలాంటి మచ్చలతో, కణుపు సందుల్లో జిగురుగా ఉంటే పిండినల్లి. సన్నటి సాలెగూడు, ఆకు మీద సూది గుచ్చినట్టు చుక్కలు ఉంటే ఎర్రనల్లి. స్పిరిట్ అద్దిన దూదితో ఒక్కో ఆకూ, ఒక్కో సందూ తుడవండి. ఇంకా మిగిలితే లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కలవడానికి ఒక చెంచా కుంకుడు రసం వేసి, బాగా గిలకొట్టి సాయంత్రం పూట పిచికారీ చేయండి. ముందు మొక్కను పాత్రలోంచి బయటికి తీయాలి. నూనె నీళ్ల మీద తెట్టు కడితే వేరుకు గాలి అందదు. వారం తేడాతో మూడుసార్లు. ఒక్కసారితో ఆపితే గుడ్లలోంచి వచ్చినవి మళ్లీ మొదలుపెడతాయి.

## 10. మట్టిలోకి మార్చాలంటే

వారం వారం నీళ్లు మార్చే ఓపిక లేనివాళ్లకు మట్టే మంచిది. మొక్కకూ దీర్ఘకాలంలో అదే మేలు. వేర్లు 5 సెంటీమీటర్లు దాటాక, వానాకాలంలో మార్చండి, మే నెలలో వద్దు.

కుండీ ఆరు అంగుళాలది చాలు. అడుగున రంధ్రం తప్పనిసరి. మిశ్రమం ఏదైనా ఒకే డబ్బా కొలతతో: ఎర్రమట్టి రెండు డబ్బాలు, కడిగిన కొబ్బరిపొట్టు రెండు, వర్మీకంపోస్టు ఒకటి, ముతక ఇసుక ఒకటి. కొబ్బరిపొట్టు ఇటుకను నానబెట్టి, ఆ నీళ్లు పిండేసి, మళ్లీ ఒకసారి కడగండి. అందులో ఉప్పు ఉంటుంది. పెర్లైట్ (కుండీ మట్టిలో కలిపే తెల్లటి తేలిక గుళికలు), సూపర్ ఫాస్ఫేట్, ఎముకల పొడి కలపొద్దు, మూడింటిలోనూ ఫ్లోరైడ్ ఉంటుంది.

కాడను 5 నుంచి 7 సెంటీమీటర్ల లోతున పెట్టి, వేర్ల మీద మట్టి వదులుగా వేసి, నీళ్లతోనే సర్దుకోనివ్వండి. మొదటి మూడు వారాలు మట్టి తడిగా ఉండాలి, బురదగా కాదు. నీళ్లలో పుట్టిన వేరు మట్టికి అలవాటుపడేలోగా రెండు మూడు ఆకులు రాలొచ్చు. ఆ తర్వాత పై అంగుళం ఆరాకే నీళ్లు. కింద పెట్టిన పళ్లెంలో నిలిచిన నీళ్లు వెంటనే పారబోయండి. కుళ్లుకు అదొక దారి, దోమకు అది ఇల్లు.

## 11. ఊరెళ్లేటప్పుడు, ఇంట్లో పిల్లి ఉంటే

సంక్రాంతికి పది రోజులు ఊరెళ్తే మొక్క చావదు. బయల్దేరే రోజు పాత్ర రుద్ది కడిగి, మామూలు కన్నా 2 సెంటీమీటర్లు ఎక్కువ నీళ్లు పోసి, కిటికీకి దూరంగా పెట్టండి. పాత్ర మూతికి, కాడల చుట్టూ, పాత దోమతెర ముక్క సందు లేకుండా కట్టండి. తిరిగొచ్చాక తెర విప్పేముందు లోపల దోమలున్నాయేమో చూసి, ఆరుబయట విప్పండి. నెల రోజులు వెళ్తుంటే పక్కింటివాళ్లకు అప్పగించడం, లేదంటే ముందే మట్టిలోకి మార్చుకోవడం.

పిల్లులు, కుక్కలు ఈ ఆకు నమిలితే పడదు. వాంతులు, చొంగ కారడం, నీరసం వస్తాయి. పిల్లికి కంటిపాపలు పెద్దవి కూడా అవుతాయి. డ్రసీనాల్లో ఉండే సాపోనిన్లు అనే పదార్థాలు దానికి కారణం. పిల్లి ఉన్న ఇంట్లో గాలికి ఊగే సన్నటి ఆకు నేల మీద ఉంటే అది ఊరుకోదు, కాబట్టి అందని ఎత్తులో పెట్టండి. నమిలిందని తెలిస్తే మిగిలిన ఆకు ముక్కను వెంట తీసుకుని పశువైద్యుడి దగ్గరికి వెళ్లండి. అక్కడ "వెదురు తింది" అనకండి, "డ్రసీనా తింది" అని చెప్పండి.